1857, 1878 నల్లమందు చట్టాలు: అప్పట్లో నల్లమందు లీగలా, ఇల్లీగలా?

నాకొచ్చిన ప్రశ్న క్లుప్తంగా ఇది. గసగసాల పంట వేయమని రైతుకు అడ్వాన్సు ఇచ్చే చట్టం 1857లో చేసిన ప్రభుత్వమే, 1878లో నల్లమందు దగ్గర పెట్టుకుంటే జైలు అంటూ ఇంకో చట్టం చేసింది. ఈ రెండూ ఎలా పొసుగుతాయి? అసలు అప్పట్లో నల్లమందు నిషేధమా, కాదా? గోదావరి జిల్లాలో తమ ముత్తాతగారు నల్లమందు దుకాణం పాట పాడుకున్నారని ఇంట్లో చెప్పుకుంటారట, అది నిజమై ఉంటుందా?

ఎక్సైజ్ కేసులు, పాత అబ్కారీ (అప్పటి ఎక్సైజ్) కాగితాలు చూస్తూ ఉద్యోగం చేసినవాణ్ణి. అందుకని చివరి ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను: నిజమయ్యే అవకాశం బాగానే ఉంది. నిజమైతే అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. అది చీకటి వ్యాపారం కాదు, కలెక్టరు ఆఫీసు లైసెన్సుతో పట్టపగలు చేసిన వ్యాపారం.

ఇక చట్టాల సంగతి. ఇప్పటి మాదకద్రవ్యాల చట్టాన్ని, అంటే ఎన్‌డీపీఎస్‌ను మనసులో పెట్టుకుని ఆ పాత చట్టాలు చదివితే తికమక తప్పదు. నల్లమందు మనిషికి చెరుపు చేస్తుందా లేదా అనే చర్చ వాటిలో ఎక్కడా కనిపించదు. పట్టుబడిన సరుకు సర్కారుదా, బయటిదా? సర్కారుదైతే దాని మీద రావాల్సిన సొమ్ము వచ్చిందా? ప్రతి సెక్షనూ తిరిగి తిరిగి ఈ రెండు ప్రశ్నల దగ్గరికే వస్తుంది. ఇది పట్టుకుంటే 1857 చట్టం, 1878 చట్టం ఒకే గోదాముకు ముందు తలుపు, వెనక తలుపు అని తెలుస్తుంది.

కథ 1773లో మొదలవుతుంది. ప్లాసీ యుద్ధం తర్వాత పాట్నాలోని ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులు నల్లమందు వ్యాపారాన్ని సొంతానికి వాడుకుంటుంటే, వారెన్ హేస్టింగ్స్ దాన్ని కంపెనీ గుత్తాధిపత్యం కిందికి తెచ్చాడు. ఇది నిత్యావసరం కాదు, హానిచేసే విలాస వస్తువు, విదేశీ వ్యాపారం కోసం తప్ప దీన్ని అనుమతించకూడదు అన్నది ఆయన వాదన. అంటే ఇక్కడివాళ్లు తినకూడదు, బయటివాళ్లకు అమ్మి డబ్బు చేసుకోవచ్చు! మొదట కాంట్రాక్టర్లకు అప్పగించారు. వాళ్లు రైతును పిండడం, సరుకు కల్తీ చేయడం ఎక్కువయ్యేసరికి 1797లో ఆ పద్ధతి తీసేసి, కంపెనీ సొంత ఏజెంట్లతో రైతులతో నేరుగా ఒప్పందాలు చేయించడం మొదలుపెట్టింది. బిహార్ వైపు పాట్నా ఏజెన్సీ, దానికి పడమట బెనారస్ ఏజెన్సీ. ఆ పైన రెగ్యులేషన్లు వరుసగా వచ్చాయి. వాటిని సవరించి ఒకచోట చేర్చిందే 1857 నాటి 13వ చట్టం.

దాని తేదీ చూడండి: 1857 జూన్ 6. మే నెలలో ఢిల్లీ చేజారింది. జూన్ 4న బెనారస్‌లోనే సిపాయిలు తిరగబడ్డారు. బెనారస్ ఏజెన్సీ కూడా ఉన్న ప్రాంతం అలా అట్టుడుకుతుంటే, కలకత్తాలో గసగసాల సాగు చట్టం ఆమోదం పొందింది. ఖజానాకు ఆ పంట ఎంత ముఖ్యమో వేరే సాక్ష్యం అక్కర్లేదు.

ఈ చట్టం పనిచేసే తీరు ఇలా ఉండేది. రైతుకు లైసెన్సు ఇస్తారు. ఎన్ని బిఘాల్లో వేస్తాడో ఒప్పందం రాయించుకుంటారు. దాన్ని అక్కడ సట్టా అనేవారు. ఒప్పందం రోజున వడ్డీ లేకుండా కొంత అడ్వాన్సు, మొక్క లేచి పొలం కొలిచాక ఇంకొంత, ఎండాకాలం మొదట్లో సరుకు తూచాక మిగతాది. రైతుకూ ఆఫీసుకూ మధ్య లంబర్దారు అనే ఊరి పెద్దమనిషి ఉంటాడు. అడ్వాన్సు చాలాసార్లు అతని చేతిమీదుగానే దిగుతుంది, కాబట్టి అందులో అతని వాటా ఎంతో ఊహించుకోవచ్చు. కింద గుమాస్తాలు, జిలాదార్లు, పైన సబ్ డిప్యూటీ ఏజెంటు అనే తెల్లదొర, ఆ పైన కలకత్తాలో రెవెన్యూ బోర్డు. పండిన నల్లమందు ఆఖరి తులం వరకూ ప్రభుత్వానికే, ప్రభుత్వం ముందే కట్టిన ధరకే ఇవ్వాలి. 19వ శతాబ్దం చివరి భాగంలో ఆ ధర సేరుకు 5 రూపాయల ప్రాంతంలో ఉండేది. అడ్వాన్సు తీసుకుని ఒప్పుకున్నంత భూమిలో పంట వేయకపోతే, వేయని భూమికి తీసుకున్న అడ్వాన్సుకు మూడు రెట్లు జరిమానా. లైసెన్సు లేకుండా ఎవరైనా పంట వేస్తే భూస్వామి, అతని గుమాస్తా వెంటనే కబురు చేయాలి, లేకపోతే వాళ్లకూ శిక్ష.

చట్టంలో ఇంకో మాట కూడా ఉంది: ఒప్పందం చేసుకోవడం, చేసుకోకపోవడం రైతు ఇష్టం. తర్వాత విచారణలు జరిగిన ప్రతిసారీ అధికారులు ఈ మాటనే ముందుకు తోశారు. కాగితం మీద అది నిజమే. కానీ శిస్తు కట్టాల్సిన అదునులో చేతికొచ్చే రొక్కం అదొక్కటే అయినప్పుడు, ఎదుట నిలబడిన లంబర్దారే ఊళ్లో పెత్తనం చేసేవాడైనప్పుడు, ఆ ఇష్టానికి విలువెంత? వడ్డీ లేని అడ్వాన్సు షావుకారు అప్పు కంటే మేలన్నది ఒప్పుకుంటాను. అయితే గసగసాల పంటకు ఎరువు, నీళ్లు, కూలి అన్నీ ఎక్కువే కావాలి. ఆ కూలిలో చాలా భాగం ఇంటిల్లిపాదీ చేసే చాకిరీ, దానికి లెక్కాపత్రం ఉండదు. 19వ శతాబ్దం చివర్లో ఈ పంట మీద ఆధారపడ్డ రైతు కుటుంబాలు 13 లక్షల దాకా ఉండేవని చరిత్రకారుల అంచనా.

చాకిరీ అంటే ఎలాంటిదో ఒక్క ముక్క చెప్తాను. పూరేకులు రాలి కాయ ముదిరే సమయంలో, అంటే ఫిబ్రవరి, మార్చి నెలల్లో, మధ్యాహ్నం దాటాక ఒక్కో కాయకూ నష్తర్ అనే చిన్న కత్తితో నిలువుగా గాట్లు పెట్టాలి. మూడు నాలుగు సన్నటి ఇనుప రేకులు కలిపి దారంతో కట్టిన పనిముట్టు అది. గాటు లోతెక్కువైతే పాలు కాయ లోపలికే కారిపోతాయి, తక్కువైతే రావు. రాత్రంతా ఊరి గట్టిపడిన పాలను తెల్లవారాక గీరి కుండలో వేసుకోవాలి. రెండు మూడు రోజులకోసారి అదే కాయకు మళ్లీ గాటు. రాలిన పూరేకులూ పారేయరు. వాటిని పెనం మీద అద్ది పలచటి రొట్టెల్లా చేసి అవీ ఏజెన్సీకి అమ్మేవారు, చైనాకు వెళ్లే నల్లమందు ఉండకు పైపొరగా చుట్టడానికి.

సరుకు పాట్నా దగ్గర గుల్జార్‌బాగ్ కార్ఖానాకో, 1820లో మొదలైన ఘాజీపూర్ కార్ఖానాకో చేరుతుంది. అక్కడ పిండి కలిపారేమో అని అయోడిన్‌తో పరీక్ష, తేమ ఎంతో చూడటానికి కొంచెం ఆరబెట్టి తూచడం. తేమ ఎక్కువైతే ధర కోత, కల్తీ తేలితే జప్తు. ఎగుమతి సరుకును గుండ్రటి ఉండలు చేసి పెట్టెకు 40 చొప్పున సర్దేవారు, పెట్టె బరువు సుమారు 140 పౌన్లు. దేశంలో వాడకానికి ఉంచిన దాన్ని ఇంకా గట్టిగా ఎండబెట్టి సేరు చొప్పున పలకలు కట్టేవారు. దాని పేరే అబ్కారీ నల్లమందు. మీ ముత్తాతగారిలాంటి వాళ్ల కథ ఈ రెండో రకం సరుకుతో ముడిపడింది.

పెట్టెలు కలకత్తాలో వేలానికి వెళ్తాయి. కొనేది ప్రైవేటు వర్తకులు, చైనా తీరానికి చేర్చేదీ వాళ్లే. చైనా చక్రవర్తి 1729 నుంచే ఆంక్షలు పెడుతున్నా, మా ఓడలో ఒక్క పెట్టె కూడా వెళ్లలేదని కంపెనీ చెప్పుకోగలిగింది ఈ ఏర్పాటు వల్లనే. వేలంలో సుత్తి పడేదాకా సరుకు మాది, పడ్డాక మాకు సంబంధం లేదు! 1839లో చైనా అధికారి లిన్ జెషు 20 వేలకు పైగా పెట్టెలు పట్టుకుని నాశనం చేయించడం, ఆ తర్వాత యుద్ధం, ఇవి అందరికీ తెలిసినవే. 1858 తర్వాత చైనా సుంకం కట్టించుకుని దిగుమతిని ఒప్పుకోక తప్పలేదు. 1870ల చివరికి భారత్ నుంచి ఏటా 90 వేలకు పైగా పెట్టెలు వెళ్లాయి. భూమిశిస్తు తర్వాత సర్కారుకు పెద్ద ఆదాయాల్లో ఇదొకటి.

మాళ్వా నల్లమందు దారి వేరు. అది ఇండోర్, గ్వాలియర్ లాంటి సంస్థానాల్లో పండేది, అక్కడ కంపెనీ చట్టం చెల్లదు. అందుకే పంట జోలికి పోకుండా బొంబాయి రేవుకు వెళ్లే ప్రతి పెట్టె మీద పాస్ రుసుము పెట్టారు. మొదట్లో అది ఎక్కువ పెడితే సరుకు సింధ్ మీదుగా పోర్చుగీసు డామన్‌కు జారుకునేది. 1843లో సింధ్‌ను కలుపుకున్నాక ఆ సందు మూసుకుపోయింది. అంతకుముందు 125 రూపాయలున్న రుసుము 1847 నాటికి 400 అయింది. సింధ్ ఆక్రమణకు ఇదొక్కటే కారణమని నేననను. కానీ నల్లమందు లెక్కలు చూడకుండా ఆ ఆక్రమణ గురించి రాసేవాళ్లని చూస్తే నాకు ఆశ్చర్యమే.

ఇప్పుడు 1878 నాటి 1వ చట్టానికి వద్దాం. 1857 చట్టం బెంగాల్ వైపు సాగుకు, తయారీకి సంబంధించింది. దుకాణం, రవాణా, ఇంట్లో నిలవ, ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి తీసుకెళ్లడం, వీటన్నిటికీ దేశమంతటికీ కలిపి ఒక చట్టం లేదు. ఆ లోటు తీర్చింది 1878 చట్టం. దాని 4వ సెక్షన్ అన్నిటినీ ఒక్క వేటుతో నిషేధిస్తుంది: సాగు, తయారీ, దగ్గర ఉంచుకోవడం, రవాణా, ఎగుమతి దిగుమతి, అమ్మకం. వెంటనే 5వ సెక్షన్, స్థానిక ప్రభుత్వం రూల్స్ పెట్టి వీటిలో దేన్నైనా అనుమతించవచ్చు అంటుంది. మొదటి వాక్యం చదివి నిషేధం అనుకుంటారు, అసలు చట్టం రెండో వాక్యంలో ఉంది. ముందు అన్నీ మూసేసి, తర్వాత రుసుము కట్టినవాడికి తెరవడం. లైసెన్సు పద్ధతి అంటే ఇదే.

శిక్షలు 9వ సెక్షన్లో ఉన్నాయి: ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. నా దృష్టిలో అంతకంటే ముఖ్యమైంది 10వ సెక్షన్. తన దగ్గరున్న నల్లమందు ఎక్కడిదో నిందితుడు సరిగ్గా లెక్క చెప్పలేకపోతే, అది నేరపు సరుకే అని కోర్టు అనుకోవాలి, కాదని రుజువు చేసుకునే బాధ్యత అతనిది. మామూలు క్రిమినల్ చట్టంలో నేరాన్ని పోలీసు నిరూపించాలి. ఇక్కడ తిరగబడింది, ఎందుకంటే సర్కారు సరుకుకూ దొంగ సరుకుకూ రంగులో, వాసనలో తేడా ఉండదు. రసీదు ఒక్కటే తేడా. అబ్కారీ, పోలీసు, కస్టమ్స్, ఉప్పు, రెవెన్యూ శాఖల్లో ప్యూను, కానిస్టేబుల్ స్థాయి దాటిన అధికారికి 14వ సెక్షన్ సోదా అధికారం ఇచ్చింది, అదీ సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం లోపు. ఊరికే వేధించడానికి సోదా చేసిన అధికారికి 500 రూపాయల వరకు జరిమానా అని కూడా రాశారు. ఇంకోపక్క వేగు చెప్పినవాడికీ, పట్టుకున్న అధికారికీ జరిమానాల్లోంచి బహుమానం ఇచ్చే ఏర్పాటూ ఉంది. ఈ రెండిట్లో ఏది ఎక్కువ పనిచేసి ఉంటుందో ఎక్సైజ్‌లో పనిచేసినవాళ్లని అడగండి, నవ్వుతారు.

దుకాణం సంగతి. ప్రతి ఏడాదీ దుకాణాల వారీగా వేలం. ఎక్కువ పాడిన పాటదారుకు లైసెన్సు. అతను సరుకు సర్కారు డిపో లేదా ట్రెజరీ నుంచే, సర్కారు ధరకే కొనాలి. చేతిలో ఉన్న ప్రతి తులానికీ లెక్క పుస్తకం ఉండాలి. అరువు ఇవ్వకూడదు, పిల్లలకు అమ్మకూడదు. ఒక మనిషికి ఒకసారి అమ్మగలిగేది, ఆ మనిషి ఇంట్లో ఉంచుకోగలిగేదీ ఒకటే పరిమితి. రాష్ట్రాన్నిబట్టి అది మారేది, చాలాచోట్ల 3 తులాలు, కొన్నిచోట్ల 5. మూడు తులాలంటే సుమారు 35 గ్రాములు. ఇప్పటి చట్టంలో 25 గ్రాములు దాటితే, తక్కువ శిక్ష పడే చిన్న మొత్తం కిందికి రాదు, అప్పట్లో 35 గ్రాములు చీటీ కూడా అక్కర్లేని సొంత వాడకం! పొగ పీల్చే మదక్, చండూ రకాల మీద మాత్రం వ్యతిరేకత ఎక్కువగా వచ్చింది. 1890ల తొలినాళ్లలో దుకాణంలోనే కూర్చుని వాడటాన్ని ఆపేశారు.

ఈ చట్టం ఒక్కో రాష్ట్రంలో అక్కడి ప్రభుత్వం చెప్పిన తేదీన అమలుకొచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీలో అది 1880. మన ప్రాంతంలో సాగుకు అనుమతి ఇవ్వలేదు, సరుకంతా బయటి నుంచి వచ్చి సర్కారు గోదాము ద్వారా దుకాణాలకు చేరేది. ప్రెసిడెన్సీ మొత్తం మీద చూస్తే దక్షిణ జిల్లాల్లో వాడకం నామమాత్రం. ఎక్కువగా ఉన్నది ఉత్తరాన, గోదావరి, విశాఖపట్నం జిల్లాల్లో, ముఖ్యంగా మన్యంలోనూ దాని అంచుల్లోనూ. మలేరియా జ్వరానికి నల్లమందు కాపు అనే నమ్మకం అక్కడ గట్టిగా ఉండేది. అందుకే మీ ఇంట్లో చెప్పుకునే మాటను నేను తేలిగ్గా తీసిపారేయను. రాయలసీమ నుంచో, నెల్లూరు నుంచో ఎవరైనా ఇదే మాట చెబితే కొంచెం ఆలోచించేవాణ్ణి.

లైసెన్సు పద్ధతి మన్యంలో ఏం చేయగలదో చూడాలంటే నల్లమందు కంటే కల్లు మంచి ఉదాహరణ. అదే రోజుల్లో వచ్చిన అబ్కారీ నిబంధనలు ఇంటి వాడకానికి కల్లు గీసుకోవడాన్ని కూడా ఆపి, ఆ హక్కును గుత్తదార్లకు పాడేశాయి. అక్కడి దొర అయిన రంప మన్సబుదారు పైనుంచి చిగురుపన్ను అనే కల్లు పన్ను కూడా గుంజాడు. 1879 రంప ఫితూరీకి ఉన్న కారణాల్లో ఇది పెద్దది. అడవిలో చెట్టు, తరతరాల అలవాటు, మధ్యలో ఎక్కడో రాజమండ్రిలో పాట పాడుకున్న పెద్దమనిషి చేతిలో కాగితం. నల్లమందుకు ఇలాంటి తిరుగుబాటు రాలేదు, ఎందుకంటే అది చెట్టునుంచి ఉచితంగా వచ్చేది కాదు, ఎప్పుడూ కొనుక్కునేదే.

ఇంగ్లండులో వ్యతిరేకత పెరగడంతో 1893లో రాయల్ కమిషన్ వేశారు. అధ్యక్షుడు లార్డ్ బ్రాసీ. దర్భంగా మహారాజు లక్ష్మేశ్వర్ సింగ్, జునాగఢ్ మాజీ దివాను హరిదాస్ విహారీదాస్ దేశాయ్ భారతీయ సభ్యులు. వందలమంది సాక్షుల్ని విని, 1895లో ఇచ్చిన నివేదికలో నిషేధం అవసరం లేదంది. పూర్తిగా విభేదించి విడిగా రాసినవాడు పార్లమెంటు సభ్యుడు హెన్రీ విల్సన్. సాక్షుల్ని ఎంచడంలోనే ప్రభుత్వ అధికారుల చేయి ఉందని ఆయన ఆరోపణ. నాకైతే ఆయన మాటలో పస ఉందనిపిస్తుంది. అలాగని ఆ సాక్ష్యాల సంపుటాలను పక్కన పడేయకండి. జిల్లాల్లో ఎవరు, ఎందుకు, ఎంత తినేవారో తెలుసుకోవడానికి అంత వివరం ఇంకెక్కడా దొరకదు.

వ్యాపారం తగ్గింది మాత్రం ఈ కమిషన్ వల్ల కాదు. చైనాతో 1907లో కుదిరిన ఒప్పందంతో ఎగుమతి ఏటా పదో వంతు చొప్పున తగ్గించడం మొదలైంది, 1913కి చైనాకు పంపడం ఆగిపోయింది. పాట్నా కార్ఖానా 1911లోనే మూతపడింది. దేశంలో దుకాణాలు మాత్రం నడుస్తూనే ఉన్నాయి. 1920లలో నానాజాతి సమితి, పదివేల మందికి ఏడాదికి సుమారు 6 కిలోలు దాటితే వాడకం మితిమీరినట్టే అని కొలమానం పెట్టాక ప్రభుత్వానికి ఇబ్బంది మొదలైంది. అస్సాంలో కాంగ్రెస్ విచారణ సంఘం 1925లో నివేదిక ఇచ్చింది. 1930లో డేంజరస్ డ్రగ్స్ చట్టం వచ్చింది. వైద్యేతర వాడకానికి అమ్మకం పూర్తిగా ఆగింది స్వాతంత్ర్యం వచ్చాక, 1959 నాటికి. 1857, 1878, 1930 చట్టాలు మూడూ రద్దయింది 1985లో, ఎన్‌డీపీఎస్ వచ్చినప్పుడు.

రద్దయ్యాయన్నాను గానీ వాటి ఎముకలు అలాగే ఉన్నాయి. దగ్గర దొరికితే నేరమే అనుకునే నియమం ఇప్పటి 54వ సెక్షన్. వేగు కబురును రాతలో పెట్టుకుని సూర్యోదయ సూర్యాస్తమయాల మధ్య సోదా చేసే నియమం 42వ సెక్షన్, కొన్ని మార్పులతో. తేడా ఏమిటంటే, అప్పుడు ఏడాది జైలు పడే చోట ఇప్పుడు వాణిజ్య పరిమాణానికి కనీసం పదేళ్లు. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రైతులు ఇవాళ్టికీ లైసెన్సుతోనే గసగసాలు వేస్తారు, తీసిన నల్లమందంతా ప్రభుత్వానికే అప్పగిస్తారు, ఘాజీపూర్ కార్ఖానా ఇంకా నడుస్తోంది. ఇప్పుడది మందుల కోసం. వంటింటి గసగసాల గురించి ఎవరూ టెన్షన్ పడనక్కర్లేదు, గింజ చట్టం పరిధిలో లేదు. కాయ, ఎండుపొట్టు మాత్రం ఉన్నాయి.

మీ ముత్తాతగారి విషయం తేల్చుకోవాలంటే ఇంట్లో ఉన్న కాగితంలో మూడు చూడండి: దుకాణం ఏ ఊరిదో, ఏ ఏడాదికి ఇచ్చారో, అందులో నల్లమందు అని విడిగా ఉందా లేక సారా, కల్లు పాట అని ఉందా. చాలా కుటుంబాల్లో ఈ మూడిటినీ కలిపి అబ్కారీ పాట అనే చెప్పుకుంటారు. కాగితం లేకపోతే చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో మద్రాసు రెవెన్యూ బోర్డు రికార్డులు అడగండి. అబ్కారీ, ఉప్పు, నల్లమందు వ్యవహారాలు సెపరేట్ రెవెన్యూ అనే పేరుతో ఉంటాయి, మామూలు భూమిశిస్తు సంపుటాల్లో వెతికితే దొరకవు. జిల్లా, తాలూకా, సుమారు సంవత్సరం మీ దగ్గర ఉంటే వెతకడం తేలిక. పాటదారు పేరు బోర్డు దాకా రాకపోవచ్చు, వేలం గొడవ అయితేనో బాకీ పడితేనో మాత్రం తప్పకుండా వస్తుంది. పాట బాకీని భూమిశిస్తు బాకీలాగే వసూలు చేసుకోవచ్చని 1878 చట్టంలోనే ఉంది, కాబట్టి ఆస్తి జప్తు కాగితాల్లోనూ ఓసారి చూడండి.